మీ సీటు ఇక మీది కాదా? హాట్ డెస్కింగ్‌తో పని పెరుగుతుందా.. తగ్గుతుందా? అసలు లెక్క ఇదే!

ఆఫీసులో 'నా సీటు' అని ఒకటి ఉండేది. మానిటర్ కింద వెంకన్న ఫొటో, పక్కన వాటర్ బాటిల్, డ్రాయర్‌లో తలనొప్పి మాత్ర.. ఇలా అదో చిన్న సొంతిల్లు. చాలా కంపెనీల్లో ఇప్పుడు ఆ సీన్ మారిపోతోంది. యాప్ ఓపెన్ చేసి ఆ రోజుకి సీటు బుక్ చేసుకోవాలి. సాయంత్రం వెళ్లేటప్పుడు డెస్క్ పూర్తిగా ఖాళీ చేసేయాలి. రేపు ఎక్కడ కూర్చుంటామన్నది రేపే తెలుస్తుంది.

దీనికి కంపెనీలు పెట్టిన పేరు ఫ్లెక్సిబుల్ ఆఫీస్. ఉద్యోగులు ఒకరితో ఒకరు ఎక్కువగా కలుస్తారని, కొత్త ఐడియాలు పుడతాయని చెబుతున్నాయి. ఉద్యోగులేమో సీటు కోసం పరుగులు పెట్టాల్సి వస్తోందని వాపోతున్నారు. మరి ఎవరు చెప్పేది నిజం? అరవై ఏళ్ల చరిత్ర, దీనిపై జరిగిన పరిశోధనలు ఏం చెబుతున్నాయో ఓసారి చూద్దాం.

అసలేంటీ ఫ్లెక్సిబుల్ ఆఫీస్?

ఈ ఒక్క పేరు కింద నాలుగు రకాల పద్ధతులు నడుస్తున్నాయి. వినడానికి అన్నీ ఒకేలా అనిపించినా, ఉద్యోగి మీద పడే ప్రభావం మాత్రం వేరువేరు.

ఓపెన్ ప్లాన్: గదులు, గోడలు ఉండవు. పెద్ద హాల్లో అందరూ కలిసి కూర్చుంటారు. అయితే ఎవరి సీటు వాళ్లకు ఉంటుంది.

హాట్ డెస్కింగ్: ఎవరికీ సొంత సీటు ఉండదు. ముందొచ్చిన వాళ్లు నచ్చిన చోట కూర్చుంటారు. ఒకరకంగా ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టే!

హోటలింగ్: ఇదీ హాట్ డెస్కింగ్ లాంటిదే. కాకపోతే హోటల్లో రూమ్ బుక్ చేసినట్టు సీటును ముందే రిజర్వ్ చేసుకోవాలి.

యాక్టివిటీ బేస్డ్ వర్కింగ్: సొంత సీటు ఉండదు కానీ, పనిని బట్టి రకరకాల చోట్లు ఉంటాయి. ఏకాగ్రతతో చేసే పనికి నిశ్శబ్దంగా ఉండే గది, ఫోన్ మాట్లాడటానికి బూత్, నలుగురూ కలిసి చర్చించడానికి టేబుల్.. ఇలా.

చివరి రెండింటి మధ్య తేడా గుర్తుపెట్టుకోండి. ఒకదాంట్లో సీటు తీసుకుని బుకింగ్ యాప్ ఇస్తారు. ఇంకోదాంట్లో సీటు తీసుకుని దానికి బదులు నాలుగు రకాల చోట్లు ఇస్తారు. చాలా గొడవలు ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే వస్తున్నాయి.

కంపెనీల లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఆఫీసు అద్దె చదరపు అడుగుల్లో ఉంటుంది. ఏసీ, కరెంటు, క్లీనింగ్, సెక్యూరిటీ ఖర్చులు కూడా దాంతో పాటే పెరుగుతాయి. కరోనా తర్వాత హైబ్రిడ్ విధానం వచ్చాక రోజూ అందరూ ఆఫీసుకు రావడం లేదు. ఖాళీ సీట్లకు అద్దె ఎందుకు కట్టాలన్నది మేనేజ్‌మెంట్ల ప్రశ్న. అందులో న్యాయం లేకపోలేదు.

ఓ చిన్న లెక్క వేద్దాం. ఒక ఆఫీసులో 100 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరు వారానికి 3 రోజులు రావాలి. అంటే వారంలో మొత్తం 300 హాజర్లు. 5 రోజులకు పంచితే రోజుకు సగటున 60 మంది. కాబట్టి 60 సీట్లు చాలు. 40 సీట్ల అద్దె మిగిలినట్టే. కాగితం మీద లెక్క కరెక్టే.

కానీ జనం సగటు ప్రకారం రారు కదా! సోమవారం ఊరి నుంచి తిరుగు ప్రయాణం. శుక్రవారం ఊరికి బయలుదేరే హడావుడి. అందుకే ఎక్కువ మంది మంగళ, బుధ, గురువారాలే ఎంచుకుంటారు. అందరూ అదే చేస్తే ఆ మూడు రోజులూ 100 మంది వస్తారు. సీట్లేమో 60. మిగతా 40 మంది క్యాంటీన్లోనో, మీటింగ్ రూముల్లోనో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సిందే. సోమ, శుక్రవారాల్లో మాత్రం ఫ్లోర్ మొత్తం ఖాళీ.

అంటే సీట్ల సంఖ్యను సగటుతో కాకుండా, రద్దీ ఎక్కువ ఉండే రోజుతో లెక్కేయాలి. పండక్కి ఎన్ని స్పెషల్ బస్సులు కావాలో మామూలు రోజుల సగటు చూసి తేల్చం కదా.. ఇదీ అంతే. లేదంటే టీమ్‌ల వారీగా రోజులు పంచాలి. గూగుల్ క్లౌడ్ విభాగం 2023లో అమెరికాలోని ఐదు ఆఫీసుల్లో చేసింది ఇదే. ఒకే డెస్క్‌ను ఇద్దరు పంచుకోవాలని, రోజు మార్చి రోజు రావాలని ఉద్యోగులకు చెప్పింది.

మంచి ఆలోచనే.. డబ్బా గదులుగా మారింది!

ఆఫీసు డిజైన్ మారిస్తే పని తీరు మారుతుందన్న ఆలోచన ఇప్పటిది కాదు. 1950ల చివర్లోనే జర్మనీలో ష్నెల్లె సోదరులు ఓ కొత్త పద్ధతి తెచ్చారు. వరుసగా బల్లలు వేయడం మానేసి, ఎవరితో ఎవరికి పని ఎక్కువో చూసి వాళ్లను దగ్గర దగ్గరగా కూర్చోబెట్టారు. మధ్యలో మొక్కలు, చిన్న చిన్న తెరలు. దీనికి 'ఆఫీస్ ల్యాండ్‌స్కేప్' అని పేరు వచ్చింది.

ఆ తర్వాత అమెరికా వంతు. హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ కంపెనీలో రాబర్ట్ ప్రాప్స్ట్ అనే పరిశోధకుడు ఉండేవారు. మనిషి రోజంతా ఒకే భంగిమలో కూర్చోకూడదు, కాసేపు నిలబడాలి, అటూఇటూ కదలాలి, అవసరాన్ని బట్టి తన చోటును తానే మార్చుకోగలగాలి అన్నది ఆయన ఆలోచన. 1964లో 'యాక్షన్ ఆఫీస్' పేరుతో మొదటి సెట్ మార్కెట్లోకి వచ్చింది. బాగుంది కానీ ఖరీదెక్కువ. 1968లో రెండో వెర్షన్ వచ్చింది. విడదీసి, మళ్లీ బిగించుకోగలిగే ప్యానెళ్లు అందులో ప్రత్యేకం. వాటిని విశాలమైన కోణంలో తెరిచి పెట్టుకోవాలన్నది ప్రాప్స్ట్ ఉద్దేశం.

కంపెనీలు ఏం చేశాయో తెలుసా? ఆ ప్యానెళ్లను నిటారుగా మడిచి, నాలుగు వైపులా మూసి, వీలైనంత చిన్న చోట వీలైనంత ఎక్కువ మందిని కూర్చోబెట్టాయి. అలా పుట్టిందే క్యూబికల్! ఉద్యోగికి స్వేచ్ఛ ఇద్దామని తయారుచేసిన వస్తువు చివరికి డబ్బా గదులకు కారణమైంది. దీనిపై ప్రాప్స్ట్ తన చివరి రోజుల్లో బహిరంగంగానే బాధపడ్డారు.

ఫ్లెక్సిబుల్ ఆఫీస్ కథలో మళ్లీ మళ్లీ కనిపించేది ఇదే. ఆలోచన ఉద్యోగి సౌకర్యం దగ్గర మొదలవుతుంది. అమలు మాత్రం చదరపు అడుగుల పొదుపు దగ్గర ఆగిపోతుంది.

1994లోనే సీట్లు తీసేసిన కంపెనీ.. తర్వాత ఏమైంది?

హాట్ డెస్కింగ్ గురించి మాట్లాడేటప్పుడు తప్పకుండా చెప్పుకోవాల్సిన పేరు షయట్ డే. అమెరికాలో పేరున్న యాడ్ ఏజెన్సీ ఇది. ఆపిల్ కంపెనీ మెకింటాష్ కంప్యూటర్ కోసం 1984లో వచ్చిన ఫేమస్ యాడ్ తీసింది వీళ్లే. దాని అధినేత జే షయట్‌కు 1993లో ఒక ఆలోచన వచ్చింది. ఆఫీసులో ఎవరికీ సొంత గది, సొంత బల్ల ఉండకూడదు. కాలేజీ క్యాంపస్‌లో స్టూడెంట్స్ తిరిగినట్టు ఉద్యోగులు నచ్చిన చోట పని చేసుకోవాలి.

అనుకున్నదే తడవుగా 1994లో లాస్ ఏంజిలిస్ ఆఫీసులో దీన్ని అమలు చేశారు. పొద్దున్నే కౌంటర్ దగ్గర ల్యాప్‌టాప్, ఫోన్ తీసుకోవాలి. సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. సొంత వస్తువులకు చిన్న లాకర్. ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడానికి ఎగ్జిబిషన్లో రంగులరాట్నం బండ్లు లాంటివి కూడా తెచ్చి పెట్టారు. మీడియాలో ఒకటే హడావుడి. భవిష్యత్ ఆఫీసు ఇదేనంటూ పొగడ్తలు.

అసలు సినిమా ఆ తర్వాతే మొదలైంది. ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు అందరికీ సరిపోలేదు. పొద్దున్నే కౌంటర్ దగ్గర క్యూలు. దాంతో కొందరు సాయంత్రం తిరిగి ఇవ్వకుండా లాకర్లలో దాచేయడం మొదలుపెట్టారు. ఫైళ్లు పెట్టుకునే చోటు లేక కొందరు కారు డిక్కీనే బీరువాగా వాడుకున్నారు. కాగితం కావాల్సి వచ్చినప్పుడల్లా పార్కింగ్‌కు పరుగు! ఒకరైతే పిల్లలు ఆడుకునే లాగుడు బండిలో ఫైళ్లు వేసుకుని ఆఫీసంతా తిరిగారు. మేనేజర్లకు తమ టీమ్ ఎక్కడుందో తెలిసేది కాదు.

చివరికి 1998లో ఆ కంపెనీ లాస్ ఏంజిలిస్‌లోనే కొత్త ఆఫీసుకు మారింది. పెద్ద గోడౌన్ లాంటి బిల్డింగ్‌ను చిన్న ఊరిలా తీర్చిదిద్దారు. వీధులు, పార్కు, కలిసి కూర్చునే చోట్లు.. అన్నీ ఉన్నాయి. వాటితో పాటు ఉద్యోగులకు మళ్లీ సొంత డెస్కులూ వచ్చాయి!

గోడలు తీస్తే మాటలు పెరిగాయా?

గోడలు తీసేస్తే అందరూ కలిసిపోతారన్నది కంపెనీలు చెప్పే ప్రధాన కారణం. దీన్ని నేరుగా కొలిచిన అధ్యయనం ఒకటుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, ఆయన సహచరుడు స్టీఫెన్ టర్బన్ 2018లో దీన్ని ప్రచురించారు. అమెరికాలోని రెండు పెద్ద కంపెనీల హెడ్ ఆఫీసులు అప్పట్లో ఓపెన్ ప్లాన్‌కు మారుతున్నాయి. అక్కడి ఉద్యోగులకు సెన్సర్లున్న బ్యాడ్జీలు ఇచ్చారు. ఎవరు, ఎవరితో, ఎంతసేపు ఎదురుపడి మాట్లాడుతున్నారో ఆ బ్యాడ్జీలు లెక్కేస్తాయి. మారకముందు కొన్ని రోజులు, మారాక కొన్ని రోజులు కొలిచారు.

ఫలితం చూసి చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఎదురుగా మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం పడిపోయింది! ఈమెయిళ్లు, చాట్ మెసేజ్‌లు పెరిగాయి. అంటే పక్కనే ఉన్న మనిషికి కూడా మెసేజే పెడుతున్నారన్నమాట.

ఎందుకిలా? ఒక్కసారి మీ ఆఫీసు హాలును గుర్తు తెచ్చుకోండి. పక్కవాళ్లతో మాట్లాడితే ఇరవై మంది వింటారు. మేనేజర్ చూస్తుంటారు. దాంతో ప్రతి ఒక్కరూ చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, స్క్రీన్ వైపు తల వంచుకుని, నన్ను కదిలించొద్దన్నట్టు కూర్చుంటారు. ఇటుక గోడ పోయినా మనుషులు తమ చుట్టూ మరో గోడ కట్టుకుంటారు. ఇది ఓపెన్ ప్లాన్ మీద జరిగిన అధ్యయనం. హాట్ డెస్కింగ్ కూడా సాధారణంగా ఇలాంటి హాళ్లలోనే నడుస్తుంది కాబట్టి ఈ పాఠం దానికీ వర్తిస్తుంది.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో ఇంకో కోణం చూపించారు. 300కు పైగా ఆఫీసు బిల్డింగుల్లో 40 వేలకు పైగా ఉద్యోగుల సర్వే సమాధానాలను పరిశీలించారు. సులువుగా మాట్లాడుకోగలగడం వల్ల వచ్చే లాభం కంటే, శబ్దం, ప్రైవసీ లేకపోవడం వల్ల కలిగే అసంతృప్తే ఎక్కువని తేలింది.

శబ్దం.. తెలియకుండానే దెబ్బ కొడుతుంది

కళ్లు మూసుకోవచ్చు కానీ చెవులు మూసుకోలేం. పైగా అర్థమయ్యే మాట చెవిన పడితే మెదడు దాన్ని వదిలిపెట్టదు. ఏసీ హోరును పది నిమిషాల్లో మర్చిపోతాం. పక్కసీటు వాళ్లు ఫోన్లో ఇంటి గొడవ మాట్లాడుతుంటే మాత్రం కోడ్ ముందుకు కదలదు.

అందులోనూ ఫోన్ మాటలు మరీ ఇబ్బంది. "అవునా.. అప్పుడేమన్నారు.. అయ్యో, మరి నువ్వేం చెప్పావ్?" అని ఒకవైపు మాటలే వినిపిస్తే, రెండో వైపు ఏమై ఉంటుందో మన మెదడు ఊహిస్తూ కూర్చుంటుంది. ఇద్దరి మాటలూ వినిపించే సంభాషణ కంటే, ఇలా సగం వినిపించే సంభాషణే ఏకాగ్రతను ఎక్కువ చెడగొడుతుందని అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2010లో ప్రయోగంతో చూపించారు.

అదే యూనివర్సిటీలో అంతకుముందు, 2000 సంవత్సరంలో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. 40 మంది మహిళా క్లర్కుల్లో కొందరిని మామూలు ఆఫీసు శబ్దంలో 3 గంటలు పని చేయించారు. చెవులు పగిలే మోత కాదు, మనందరికీ అలవాటైన ఓ మోస్తరు శబ్దమే. స్ట్రెస్ అనిపించిందా అని అడిగితే, నిశ్శబ్దంలో పని చేసిన వాళ్ల కంటే ఎక్కువేమీ చెప్పలేదు. కానీ శరీరంలో ఒత్తిడికి సంబంధించిన ఎపినెఫ్రిన్ అనే హార్మోన్ పెరిగింది. ఆ తర్వాత కష్టమైన పజిల్స్ ఇస్తే త్వరగా చేతులెత్తేశారు. కూర్చున్న భంగిమను మార్చుకోవడం కూడా తగ్గింది.

అంటే ఏంటి? నాకు అలవాటైపోయింది, ఏం ఫర్వాలేదు అని మనం అనుకుంటున్నా, లోపల లెక్క పడుతూనే ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చాక ఏమీ చేయబుద్ధి కాకపోవడానికి ట్రాఫిక్ ఒక్కటే కారణం కాకపోవచ్చు.

ఆరోగ్యం సంగతికొస్తే, డెన్మార్క్‌లో 2,400 మందికి పైగా ఉద్యోగులపై చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. సొంత గదిలో పని చేసేవాళ్లతో పోలిస్తే, ఆరుగురి కంటే ఎక్కువ మంది ఉండే ఓపెన్ హాళ్లలో పని చేసేవాళ్లు 62 శాతం ఎక్కువ సిక్ లీవు రోజులు తీసుకున్నారు. అయితే ఒక మాట. ఇది సర్వే. ఓపెన్ హాలే జబ్బుకు కారణమని ఇది నిరూపించదు. రెండింటికీ సంబంధం ఉందని మాత్రం చెబుతుంది.

టీమ్ చెల్లాచెదురైతే నష్టపోయేది ఫ్రెషర్లే!

అమెరికాలోని ఎంఐటీ ప్రొఫెసర్ థామస్ అలెన్ 1970ల్లోనే ఓ విషయం గమనించారు. ఇంజినీర్లు కూర్చునే దూరం పెరిగేకొద్దీ వాళ్లు మాట్లాడుకునే అవకాశం చాలా వేగంగా పడిపోతుంది. సుమారు 50 మీటర్లు దాటితే దాదాపు లేనట్టే. వేరే ఫ్లోర్ అయితే ఇక చెప్పనక్కర్లేదు.

హాట్ డెస్కింగ్‌లో మీ సీనియర్ ఐదో ఫ్లోర్, మీరు రెండో ఫ్లోర్ అయితే ఏం జరుగుతుంది? ఇద్దరూ ఆఫీసుకొచ్చి, ఒకరితో ఒకరు టీమ్స్ కాల్లో మాట్లాడుకుంటారు! గంటన్నర ట్రాఫిక్‌లో వచ్చింది ఇందుకా అనిపిస్తుంది.

అనుభవం ఉన్నవాళ్లు ఎలాగోలా సర్దుకుంటారు. ఎవరిని ఏం అడగాలో వాళ్లకు తెలుసు. ఇప్పుడే కాలేజీ నుంచి వచ్చిన వాళ్ల సంగతి వేరు. పక్కన సీనియర్ బగ్ ఎలా పట్టుకుంటున్నారో, క్లయింట్‌తో ఎలా మాట్లాడుతున్నారో చూసే వాళ్లు పని నేర్చుకుంటారు. ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పని విషయాలవి. రోజుకో కొత్త ముఖం పక్కన కూర్చుంటే ఆ చిన్న డౌటు అడగడానికి కూడా మొహమాటమే. అందుకే సీట్లు తీసేసినా సరే, ఫలానా టీమ్ ఫలానా ఏరియాలోనే అని ఒక పేట కేటాయించడం తప్పనిసరి.

మరి ఎప్పుడు పని చేస్తుంది?

ఇదంతా విని ఫ్లెక్సిబుల్ ఆఫీస్ అంటేనే చెడ్డది అనుకోవద్దు. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో ఇంటర్‌పోలిస్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ 1990ల మధ్యలోనే సొంత సీట్లు తీసేసింది. దీనికి సలహాదారు ఎరిక్ వెల్ధూన్. అయితే అక్కడ సీట్లు తీసేసి ఊరుకోలేదు. ఏకాగ్రత పనికి, చర్చలకు, ఫోన్లకు వేర్వేరు చోట్లు కట్టారు. ఉద్యోగి ఏ టైముకు ఎక్కడున్నారన్నది పక్కన పెట్టి, పని పూర్తయిందా లేదా అన్నదే చూసే పద్ధతి తెచ్చారు. తర్వాత యూరప్‌లో ఎన్నో కంపెనీలు ఈ ఆఫీసును చూసి నేర్చుకున్నాయి.

షయట్ డే తడబడిన చోట ఇంటర్‌పోలిస్ ఎందుకు నిలబడింది? దీనికి క్లూ ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ ప్రయోగంలో దొరుకుతుంది. క్రెయిగ్ నైట్, అలెక్స్ హాస్లమ్ 2010లో దీన్ని ప్రచురించారు. నాలుగు రకాల గదుల్లో ఒకే రకం పని చేయించారు. మొదటిది బోసి గది, పని వస్తువులు తప్ప ఏమీ లేవు. రెండోదాంట్లో మొక్కలు, బొమ్మలు ఉన్నాయి. మూడోదాంట్లో ఆ మొక్కలు, బొమ్మలు ఎక్కడ పెట్టుకోవాలో పని చేసేవాళ్లే నిర్ణయించుకున్నారు. నాలుగోది భలే గమ్మత్తు. ముందు మీ ఇష్టం అన్నారు, వాళ్లు సర్దుకున్నాక వచ్చి అంతా మార్చేశారు.

తమ ఇష్టప్రకారం సర్దుకున్నవాళ్లు బోసి గదిలో వాళ్ల కంటే 32 శాతం వరకు ఎక్కువ పని చేశారు. ఇచ్చిన స్వేచ్ఛను మళ్లీ లాక్కున్న గదిలో ఆ లాభం కాస్తా పోయింది. రెండు గదుల్లోనూ అవే మొక్కలు, అవే బొమ్మలు. తేడా అల్లా నిర్ణయం ఎవరిదన్నదే!

రోజుల విషయంలోనూ ఇదే జరిగింది. చైనాకు చెందిన ట్రిప్ డాట్ కామ్ కంపెనీలో 1,612 మంది ఉద్యోగులపై స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసే అవకాశం ఇస్తే, ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. పనితీరులో, ప్రమోషన్లలో మాత్రం తేడా రాలేదు.

పెద్ద కంపెనీలు కూడా మనసు మార్చుకుంటున్నాయి. వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలని 2024 సెప్టెంబర్‌లో చెప్పిన అమెజాన్, అదే ప్రకటనలో మరో మాట కూడా చెప్పింది. గతంలో ఎవరి డెస్క్ వాళ్లకు ఉన్న ఆఫీసుల్లో, అమెరికా హెడ్ ఆఫీసులతో సహా, ఆ పద్ధతిని మళ్లీ తెస్తామంది. రోజూ రమ్మన్నప్పుడు రోజూ సీటు చూపించాలి కదా!

హైదరాబాద్‌లో దీని బరువు ఎక్కువ

1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ ఒక్క బిల్డింగ్ నుంచి గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఐటీ కారిడార్ పాకింది. ఒకే కుర్చీని పగలు ఒకరు, రాత్రి ఒకరు వాడుకోవడం ఇక్కడి కాల్ సెంటర్లలో పనిచేసిన వాళ్లకు కొత్తేమీ కాదు. ఇప్పుడది అన్ని రకాల ఉద్యోగాలకూ వస్తోంది.

ఐటీ కంపెనీల మాట కూడా ఒకేలా లేదు. 2025 నాటికి ఏ సమయంలోనైనా 25 శాతం మంది ఉద్యోగులు ఆఫీసులో ఉంటే చాలని టీసీఎస్ 2020లో ప్రకటించింది. 2023లో మాత్రం అందరినీ ఆఫీసుకు రమ్మంది. ఇలా రమ్మనడం, వద్దనడం మారుతున్నప్పుడు సీట్ల లెక్క కూడా దాంతోపాటు మారాలి. అది మారకపోతే మధ్యలో నలిగేది ఉద్యోగే.

ఉప్పల్ నుంచో, ఎల్బీనగర్ నుంచో రాయదుర్గం దాకా మెట్రోలో నిలబడి వచ్చి, అక్కడ షేర్ ఆటో పట్టుకుని ఆఫీసుకు చేరే ఉద్యోగిని ఊహించుకోండి. పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే తల్లి పదింటికి ముందు చేరలేరు. కిటికీ పక్క సీట్లు, నిశ్శబ్దంగా ఉండే మూలలు అప్పటికే అయిపోతాయి. ఆఫీసు దగ్గర పీజీ హాస్టల్లో ఉండే కుర్రాడికి దొరికే సీటు ఆమెకు దొరకదు. ముందొస్తే ముందు అన్న రూలు పైకి అందరికీ సమానం. ఆచరణలో దూరం నుంచి వచ్చేవాళ్లకు, ఇంటి బాధ్యతలున్న వాళ్లకు అన్యాయం.

మీ ఆఫీసు కూడా మారుతోందా? ఈ 6 ప్రశ్నలు అడగండి

1. రద్దీ రోజున పరిస్థితి ఏంటి? సగటు హాజరు చెబితే ఒప్పుకోకండి. మంగళ, బుధ, గురువారాల్లో ఎంతమంది వస్తున్నారు, ఎన్ని సీట్లున్నాయి అని అడగండి.

2. నిశ్శబ్దంగా పని చేసుకునే గదులు, ఫోన్ బూత్‌లు ఎన్ని? సీటు తీసేసి ఇవి ఇవ్వకపోతే అది ఉత్త పొదుపే.

3. టీమ్‌కు సొంత ఏరియా ఉందా? కనీసం ఒకే ఫ్లోర్‌లో ఉంటామా?

4. లాకర్, రెండో మానిటర్, ఎత్తు సర్దుకునే కుర్చీ ప్రతి డెస్క్‌కూ ఉన్నాయా? సగం డెస్కులకే మంచి మానిటర్లుంటే రోజూ వాటి కోసం పోటీ తప్పదు.

5. మినహాయింపులు ఎవరికి? గర్భిణులు, నడుము నొప్పి ఉన్నవాళ్లు, దివ్యాంగులు రోజుకో కుర్చీలో సర్దుకోలేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం సంస్థలు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ఫిక్స్‌డ్ సీటు అడిగేటప్పుడు మీ కంపెనీ విధానంలో ఏముందో చూపించి అడగొచ్చు.

6. ట్రయల్ ఎన్ని నెలలు? పని చేయకపోతే పాత పద్ధతికి వెళ్తారా? దీనికి సమాధానం లేదంటే నిర్ణయం ముందే అయిపోయిందని అర్థం.

మీ చేతుల్లో ఉన్నవి..

కంపెనీ నిర్ణయం మన చేతుల్లో లేకపోయినా కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. కొత్త సీటులో కూర్చోగానే రెండు నిమిషాలు కేటాయించండి. పాదాలు నేలకు ఆనేలా కుర్చీ ఎత్తు సర్దుకోండి. స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకు దగ్గరగా ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే కింద స్టాండ్ పెట్టి, విడిగా కీబోర్డు వాడితే మెడకు మంచిది. ఫోన్ వస్తే లేచి బయటకు వెళ్లి మాట్లాడటం అలవాటు చేసుకోండి. అది పక్కవాళ్లకు మేలు, మీ నడుముకూ మేలు. టీమ్ మొత్తం వారంలో ఒకటి రెండు రోజులు కలిసి రావాలని ముందే మాట్లాడుకోండి. కలిసి చేసే పనులన్నీ ఆ రోజులకే పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఒక నెల పాటు డైరీలో రాసుకోండి. ఎన్ని రోజులు సీటు దొరకలేదు? వెతకడానికి ఎన్ని నిమిషాలు పట్టింది? ఎన్ని రోజులు టీమ్‌కు దూరంగా కూర్చోవాల్సి వచ్చింది? టీమ్‌లో పది మంది ఇలా రాస్తే నెల తిరిగేసరికి చేతిలో ఓ లెక్క ఉంటుంది. ఇబ్బందిగా ఉందని చెబితే సర్దుకోమంటారు. వారానికి ఇన్ని పనిగంటలు సీటు వెతకడానికే పోతున్నాయని చూపిస్తే, అద్దె లెక్కలు వేసిన వాళ్లకు కూడా ఆ భాష అర్థమవుతుంది.